సీయూఈటీలో ఏ పేపర్లు రాయాలి

ఇంటర్ తర్వాత రాసే ప్రవేశ పరీక్షలు రెండు రకాలు. మొదటి రకంలో విద్యార్థి ఎంచుకునేది ఏమీ ఉండదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలుంటాయి. గణితంలో 80, ఫిజిక్స్‌లో 40, కెమిస్ట్రీలో 40 ప్రశ్నలు అందరికీ ఒకటే. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అక్కడా పేపరు ముందే తయారై ఉంటుంది. పదో తరగతి తర్వాత ఎంపీసీలో చేరాలా, బైపీసీలో చేరాలా అని తేల్చుకున్న రోజే ఆ ఎంపిక అయిపోయింది. రెండో రకంలో ఏయే సబ్జెక్టుల్లో పరీక్ష రాయాలో విద్యార్థే దరఖాస్తులో రాసిస్తాడు. ఆ గళ్లలో ఏం నింపాడన్న దాన్ని బట్టే తర్వాత ఏ కోర్సుకు అర్హుడో తేలుతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అంటే సీయూఈటీ, ఈ రెండో రకం.

2022లో మొదలైన ఈ పరీక్షను జాతీయ పరీక్షల సంస్థ, అంటే ఎన్‌టీఏ, నడుపుతోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల సమీకృత కోర్సులు, ఢిల్లీ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, కలబురగి దగ్గర ఉన్న కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరువారూరులోని తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇలా ఎన్నో చోట్ల డిగ్రీ సీటుకు దారి ఇదే. 2024లో 63 పేపర్లుండేవి, ఆరు దాకా రాయనిచ్చేవారు. 2025లో వాటిని 37కు తగ్గించారు. ఇప్పుడు 13 భాషలు, 23 సబ్జెక్టులు, ఒక జనరల్ టెస్ట్ ఉన్నాయి. ఒక విద్యార్థి ఐదుకు మించి రాయడానికి లేదు. ప్రతి పేపరూ గంట. 50 ప్రశ్నలూ తప్పనిసరి. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత, మొత్తం 250.

సబ్జెక్టుల వారీగా పరీక్ష పెట్టి సీట్లివ్వడం కొత్త సంగతి కాదు. అమెరికాలో కాలేజ్ బోర్డు దశాబ్దాల పాటు గంట గంట నిడివి గల శాట్ సబ్జెక్ట్ టెస్టులు నడిపి 2021లో ఆపేసింది. అక్కడి తెలుగు ఇళ్లలో కూడా గణితం రెండో స్థాయి రాయాలా, కెమిస్ట్రీ రాయాలా అన్న చర్చ ఏటా జరిగేది. పెద్ద కాలేజీలు ఏ సబ్జెక్టులు అడుగుతున్నాయో ముందు చూసి, ఆ తర్వాత పరీక్షకు డబ్బు కట్టేవారు. సీయూఈటీకి కూడా అదే వరుస పనికొస్తుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ పరీక్ష గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎంపీసీ అంటే ఎప్‌సెట్, జేఈఈ. బైపీసీ అంటే నీట్. సీఈసీ, హెచ్ఈసీ అంటే దోస్త్‌లో పేరు నమోదు చేసుకుని దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చేరడం. దోస్త్ మంచి ఏర్పాటే. 2016 నుంచి ఇంటర్ మార్కులతోనే, ప్రవేశ పరీక్ష లేకుండా సీటు ఇస్తోంది. కానీ ఆర్ట్స్, కామర్స్ పిల్లలకు దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాల తలుపు తెరిచే పరీక్షల్లో సీయూఈటీ ముందు వరసలో ఉంటుంది. తల్లి బీడీలు చుడుతూనో, తండ్రి సాంచాల మీద పనిచేస్తూనో, గల్ఫ్‌లో ఉంటూనో చదివించుకుంటున్న ఇంట్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఫీజుకూ ప్రైవేటు కాలేజీ ఫీజుకూ ఉన్న తేడా చిన్నది కాదు. ఆ తలుపు ఉందని తెలియకపోవడం ఒక నష్టం. తెలిసి కూడా పేపర్లు తప్పుగా ఎంచుకోవడం అంతకన్నా పెద్ద నష్టం, ఎందుకంటే అప్పుడు చదివిన శ్రమ కూడా వృథా అవుతుంది.

సీటు నుంచి వెనక్కి రావడం

సబ్జెక్టుల ఎంపికలో ఎక్కువమంది అడిగే ప్రశ్న, ఏది సులువు అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పడం ఖాయం. ముందు తేల్చుకోవలసింది ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయం అన్నది. ఒక్కో కోర్సుకు ఏ పేపర్లు కలిపి లెక్కిస్తారో ఆయా విశ్వవిద్యాలయాలే ప్రకటిస్తాయి. ఆ జాబితాలో లేని పేపరులో 250కి 250 వచ్చినా ఆ కోర్సుకు అది పనికిరాదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయాన్నే తీసుకుంటే సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు ఒక భాష, గణితం, వాటితో పాటు జాబితాలోని మరో రెండు సబ్జెక్టులు కావాలి. గణితం లేకుండా ఎకనామిక్స్ ఆనర్స్ లేదు. బీకాం ఆనర్స్‌కు ఒక భాష, జాబితాలోని రెండు సబ్జెక్టులతో పాటు గణితమో అకౌంటెన్సీయో ఒకటి ఉంటే చాలు. ఇంగ్లిష్ ఆనర్స్‌కు భాషగా ఇంగ్లిషే రాసి ఉండాలి. ఫిజిక్స్ ఆనర్స్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం స్కోర్లు మాత్రమే కలుపుతారు. భాషా పేపరులో 30 శాతం రావాలి గానీ ఆ మార్కులు మెరిట్‌లోకి రావు. అంటే ఫిజిక్స్ ఆనర్స్ కోరుకునే ఎంపీసీ విద్యార్థి ఇంగ్లిష్ పేపరు కోసం నెలల తరబడి కష్టపడనక్కర్లేదు. అదే కాలం గణితానికి ఇస్తే లాభం. బీకాం ఆనర్స్ కోరుకునే విద్యార్థికి మాత్రం భాషా పేపరు నాలుగింట ఒక వంతు. ఒకే పరీక్ష, ఒకే పేపరు, రెండు కోర్సులకు రెండు విలువలు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 2025 నుంచి ఇంటర్‌లో చదవని సబ్జెక్టులో కూడా సీయూఈటీ రాయవచ్చని ఎన్‌టీఏ అనుమతించింది. అప్పటి యూజీసీ ఛైర్మన్, తెలుగువారైన మామిడాల జగదీశ్ కుమార్ ఈ మార్పును 2024 డిసెంబరులో ప్రకటించారు. దాన్ని విన్న చాలామంది, ఏ గ్రూపు వాళ్లయినా ఏ కోర్సులోనైనా చేరవచ్చని అర్థం చేసుకున్నారు. అది సగమే నిజం. పరీక్ష రాయనివ్వడం ఎన్‌టీఏ చేతిలో ఉంది, సీటివ్వడం విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 12వ తరగతిలో చదివి పాసైన సబ్జెక్టుల్లోనే సీయూఈటీ రాసి ఉండాలంటుంది. ఇంటర్‌లో సైకాలజీ ముఖం చూడని విద్యార్థి సులువని ఆ పేపరు రాసి ఎంత బాగా చేసినా అక్కడ దానికి లెక్క లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ షరతు పెట్టవు. ఏది పెడుతుంది, ఏది పెట్టదు అన్నది ఆ ఏటి ప్రవేశ బులెటిన్‌లో ఉంటుంది. నాలుగైదు విశ్వవిద్యాలయాల బులెటిన్లు ముందు పెట్టుకుని, కోరుకున్న కోర్సు ఎదురుగా కావలసిన పేపర్లను ఒక కాగితం మీద రాసుకుంటే గంటలో పని అవుతుంది. అన్నిట్లోనూ పదే పదే కనిపించే మూడు నాలుగు పేపర్లే ఆ విద్యార్థి రాయవలసినవి.

గ్రూపును పేపర్లుగా మార్చడం

తెలంగాణ ఇంటర్ బోర్డు సబ్జెక్టుల పేర్లు, సీయూఈటీ పేపర్ల పేర్లు ఒకటి కావు. బోర్డు పుస్తకాల్లోని పాఠాలూ ఒకటి కావు. సీయూఈటీ సబ్జెక్టు పేపర్లు ప్రధానంగా ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పాఠ్యాంశాల మీద నడుస్తాయి. కోచింగ్ ప్రకటనల్లో ఎక్కడా కనిపించని ఈ తేడానే జిల్లా విద్యార్థికి అన్నిటికన్నా ముఖ్యం.

సీఈసీ విద్యార్థి సంగతి దగ్గరగా చూద్దాం. కోరుట్లలో సీఈసీ చదివే అమ్మాయి సివిక్స్‌ను సీయూఈటీలో పొలిటికల్ సైన్స్‌గా రాయాలి. రెండో సంవత్సరంలో ఆమె చదివేది భారత రాజ్యాంగం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు. ఎన్‌సీఈఆర్‌టీలో రాజ్యాంగం 11వ తరగతి పాఠం. 12వ తరగతి పుస్తకాలు రెండూ వేరే దారిలో ఉంటాయి. ఒకటి సమకాలీన ప్రపంచ రాజకీయాలు, రెండోది స్వాతంత్ర్యం తర్వాత భారత రాజకీయాలు. సోవియట్ యూనియన్ పతనం, ప్రచ్ఛన్న యుద్ధం తర్వాతి ప్రపంచం, ఐక్యరాజ్యసమితి, దక్షిణాసియా, సంస్థానాల విలీనం, 1975 ఎమర్జెన్సీ, సంకీర్ణ ప్రభుత్వాలు, ఇవీ ఆ పేపరులో వచ్చేవి. సివిక్స్‌లో 95 మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా ఆ రెండు పుస్తకాలు తెరవకుండా వెళ్తే ప్రశ్నలు పరాయిగా కనిపిస్తాయి. అలాగని పొలిటికల్ సైన్స్ వదిలేయమని కాదు. రెండూ కథలా చదివించే పుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. రోజుకు గంట చొప్పున డిసెంబరులో మొదలుపెడితే ఇంటర్ పరీక్షల లోపు ఒకసారి పూర్తవుతాయి. బట్టీ పట్టడం కాకుండా సంఘటనల వరుస గుర్తుపెట్టుకోగలిగే విద్యార్థికి ఇది మంచి పేపరు.

ఎకనామిక్స్‌లో ఇబ్బంది తక్కువ. ఇంటర్ మొదటి సంవత్సరం సిద్ధాంతం, రెండో సంవత్సరం భారత ఆర్థిక వ్యవస్థ. సీయూఈటీ పేపరులో సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రంతో పాటు 1947 తర్వాతి అభివృద్ధి, 1991 సంస్కరణలు కూడా ఉన్నాయి. అందుకే మొదటి సంవత్సరం పుస్తకం పక్కన పడేసిన విద్యార్థి దాన్ని మళ్లీ తీయాలి. రెండో సంవత్సరం పుస్తకంలోని తెలంగాణ ఆర్థిక వ్యవస్థ పాఠం ఇక్కడ పనికిరాదు. దాని బదులు డిమాండు, జాతీయాదాయం, ద్రవ్యం, బ్యాంకింగ్ మీద లెక్కలు చేసుకోవాలి.

కామర్స్ విషయం కొంచెం చిక్కు. ఇంటర్‌లో కామర్స్ ఒకే సబ్జెక్టు. అందులో సగం వాణిజ్యం, సగం అకౌంటెన్సీ. సీయూఈటీలో అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ వేర్వేరు పేపర్లు. ఇంటర్ మెమోలో ఒకే గడిగా కనిపించే కామర్స్‌ను ఏ పేపరుకు సమానంగా తీసుకుంటారో కోరుకున్న విశ్వవిద్యాలయం బులెటిన్‌లో చూసుకుని, అవసరమైతే అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచుకోవాలి. ఇలాంటి ప్రశ్న దరఖాస్తుకు ముందు అడిగితే ఒక మెయిల్ ఖర్చు, తర్వాత అడిగితే ఒక సంవత్సరం. పేపర్ల బరువు చూస్తే అకౌంటెన్సీ ఎక్కువ సాధన కోరుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 12లో భాగస్వామ్య ఖాతాలు, కంపెనీ వాటాలు, డిబెంచర్లు, నిష్పత్తుల విశ్లేషణ ఉంటాయి. బిజినెస్ స్టడీస్ చదివి అర్థం చేసుకునే పేపరు. లెక్కలంటే వెనకాడే సీఈసీ విద్యార్థి కూడా బీకాం ఆనర్స్ కోరుకుంటే అకౌంటెన్సీని తప్పించుకోలేడు, ఎందుకంటే గణితం లేని వాళ్లకు అక్కడ మిగిలే దారి అదొక్కటే.

ఎంఈసీ విద్యార్థి పరిస్థితి అందరికన్నా మెరుగు. ఇంగ్లిష్, గణితం, ఎకనామిక్స్, అకౌంటెన్సీ నాలుగు రాస్తే బీకాం ఆనర్స్, ఎకనామిక్స్ ఆనర్స్ రెండూ అందుబాటులో ఉంటాయి. జిల్లాలో ఈ గ్రూపులో చేరేవాళ్లు తక్కువే గానీ, పదో తరగతి పూర్తయి గ్రూపు గురించి ఆలోచిస్తున్న ఇంట్లో, గణితం బాగా వచ్చి ఇంజినీరింగ్ వద్దనుకునే పిల్లలుంటే ఈ సంగతి అప్పుడే తెలియాలి.

గణితం పేపరు విషయంలో ఎంపీసీ, ఎంఈసీ వాళ్లు పడే పొరపాటు ఒకటుంది. రెండో సంవత్సరం పుస్తకాలు చదివితే చాలనుకుంటారు. 2025 దాకా నడిచిన బోర్డు పుస్తకాల్లో మాత్రికలు, సదిశలు, విలోమ త్రికోణమితి ప్రమేయాలు ఒకటి ఏలో ఉన్నాయి. అవకలనం, దాని అనువర్తనాలు, త్రిపరిమాణ జ్యామితి ఒకటి బీలో ఉన్నాయి. సంభావ్యత రెండు ఏలో, సమాకలనం, అవకల సమీకరణాలు రెండు బీలో ఉన్నాయి. సీయూఈటీకి కావలసినవి ఇవే, అంటే సగానికి పైగా మొదటి సంవత్సరం పాఠాలే. రెండో సంవత్సరంలో చెమటోడ్చి నేర్చుకున్న వృత్తాలు, పరావలయం, సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం ఇక్కడ రావు. ఏకఘాత ప్రణాళిక, అంటే లీనియర్ ప్రోగ్రామింగ్, మాత్రం బోర్డు పుస్తకాల్లో లేని పాఠం. ఎన్‌సీఈఆర్‌టీలో చిన్న అధ్యాయం, గ్రాఫు గీసి మూలల దగ్గర విలువ చూడటం వస్తే సరిపోతుంది. నాలుగైదు రోజుల పని, వదలడం దండగ.

జీవశాస్త్రంలోనూ ఇలాగే. బోటనీ, జువాలజీ రెండూ సీయూఈటీలో కలిసి బయాలజీ అనే ఒకే పేపరు. జన్యుశాస్త్రం, పరిణామం, మానవ ప్రత్యుత్పత్తి, బయోటెక్నాలజీ, ఆవరణ శాస్త్రం దీనికి ఆయువుపట్లు. రెండో సంవత్సరం జువాలజీలో పేజీలకు పేజీలుండే జీర్ణక్రియ, రక్తప్రసరణ, విసర్జన ఎన్‌సీఈఆర్‌టీలో 11వ తరగతికి చెందినవి, అందుకే ఇక్కడ బరువు లేదు. మొదటి సంవత్సరంలో చదివి మరిచిపోయిన ఆవరణ శాస్త్రం తిరిగి కావాలి. నీట్‌కు రెండేళ్ల పాఠాలూ చదివిన విద్యార్థికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఉండదు.

ఫిజిక్స్‌కు బోర్డు రెండో సంవత్సరం పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ 12 దాదాపు ఒకటే. కెమిస్ట్రీ కూడా చాలావరకు సరిపోతుంది, సిలబస్ పక్కన పెట్టుకుని ఉన్నవీ లేనివీ చూసుకుంటే చాలు.

భాష, జనరల్ టెస్ట్

దాదాపు ప్రతి కోర్సూ ఒక భాషా పేపరు అడుగుతుంది. తెలుగు ఆ 13 భాషల్లో ఉంది. తెలుగు మీడియంలో చదివి, తెలుగు బాగా వచ్చిన విద్యార్థికి సహజంగానే తెలుగు పేపరు రాద్దామనిపిస్తుంది. ఏదో ఒక భాష చాలునన్న కోర్సులకే దరఖాస్తు చేస్తే అది సబబైన ఎంపిక. కానీ ఇంగ్లిష్ అడిగే కోర్సులు చాలా ఉన్నాయి, ఇంగ్లిష్ ఇంటర్‌లో అందరూ చదివే భాష. అందుకే ఒక్క భాషే రాసే విద్యార్థికి ఇంగ్లిష్ ఎక్కువ తలుపులు తెరుస్తుంది. అందులో వచ్చేది ప్రధానంగా గద్యభాగం చదివి అర్థం చేసుకోవడం, పదజాలం, వాక్యాల అమరిక. రోజూ ఒక ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం చదివే అలవాటు జనవరికల్లా ఉంటే భయపడాల్సిన పేపరు కాదు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం రెండో భాషగా తీసుకున్న వాళ్లు ఒక సంగతి గమనించాలి. సీయూఈటీలో సంస్కృతం భాషల జాబితాలో లేదు, సబ్జెక్టుల జాబితాలో ఉంది. దాన్ని భాషా పేపరుగా లెక్కించుకుని దరఖాస్తు పూర్తిచేస్తే అర్హత పోతుంది.

ప్రశ్నపత్రం ఏ మాధ్యమంలో కావాలన్నది వేరే గడి. తెలుగులో సబ్జెక్టు పేపర్లు రాసే వీలుంది. తెలుగు మీడియం విద్యార్థి దీన్ని చిన్నతనంగా భావించనక్కర్లేదు. అయితే సాధనకు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ముఖ్యమైన పదాలు రెండు భాషల్లోనూ గుర్తుపట్టేలా ఒక నోటుపుస్తకం రాసుకోవడం మేలు.

జనరల్ టెస్ట్‌లో వర్తమాన వ్యవహారాలు, జనరల్ నాలెడ్జ్, అంకగణితం, తార్కిక ప్రశ్నలుంటాయి. దీన్ని అందరూ రాయాలనే సలహా తరచూ వినిపిస్తుంది. అది తప్పుడు సలహా. కొన్ని విశ్వవిద్యాలయాలు బీఏ, బీబీఏ, ఒకేషనల్ కోర్సులకు దీన్ని తీసుకుంటాయి. సైన్స్ ఆనర్స్‌కు ఇది అక్కర్లేదు. కోరుకున్న కోర్సుల కాగితంలో జనరల్ టెస్ట్ ఒక్కసారైనా కనిపిస్తేనే రాయాలి. హెచ్ఈసీ విద్యార్థికి తరచూ కనిపిస్తుంది, అతనికి ఇది నిజంగా విలువైన ఐదో పేపరు.

ఎన్ని పేపర్లు

ఐదు రాయవచ్చు కాబట్టి ఐదూ రాయాలన్న నియమం లేదు. 2025లో జనరల్ విద్యార్థికి మూడు పేపర్ల దాకా ఫీజు 1000 రూపాయలు, ఆపైన ఒక్కో పేపరుకు 400. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 900, ఒక్కోదానికి 375. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 800, ఒక్కోదానికి 350. ఐదు పేపర్లకు జనరల్ విద్యార్థికి 1800, ఎస్సీ విద్యార్థికి 1500 అవుతుంది. డబ్బు కన్నా పెద్ద ఖర్చు కాలం. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 25న ముగిశాయి. ఎప్‌సెట్ అగ్రికల్చర్, ఫార్మసీ ఏప్రిల్ 29, 30న, ఇంజినీరింగ్ మే 2 నుంచి 4 దాకా జరిగాయి. మే 4నే నీట్. సీయూఈటీ మే 13న మొదలైంది. అంటే మే 4న ఎప్‌సెట్ రాసిన ఎంపీసీ విద్యార్థికి సీయూఈటీ మొదలయ్యే లోపు చేతిలో మిగిలినవి పది రోజులు కూడా కాదు. ఆ వ్యవధిలో కొత్త సబ్జెక్టు నేర్చుకోవడం కుదరదు. ఎంపీసీ, బైపీసీ వాళ్లకు తమ మూడు సబ్జెక్టులు, ఇంగ్లిష్ కలిపి నాలుగు పేపర్లు సహజమైన హద్దు. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు మధ్యలో వేరే పెద్ద పరీక్ష ఉండదు, ఏప్రిల్ నెలంతా వాళ్లదే. వాళ్లు ఐదు రాయడంలో అర్థముంది.

ఐదో పేపరును పరీక్షించుకోవడానికి సూటి పద్ధతి ఉంది. ఆ పేపరు వల్ల కొత్తగా ఏ కోర్సుకు అర్హత వస్తుందో పేరు పెట్టి చెప్పగలగాలి, లేదా మిగిలిన నాలుగింటిలో ఒకటి చెడితే దాని స్థానంలో నిలబడగలగాలి. ఈ రెండూ కాకపోతే అది వద్దు. అందరూ రాస్తున్నారని ఫిజికల్ ఎడ్యుకేషన్ లాంటి పేపరు చేర్చుకోవడం ఇలాంటిదే. పేపరు సులువైతే అందరికీ సులువే, స్కోర్లు పైకి పోతాయి, సీటు దగ్గర పోటీ అలాగే ఉంటుంది.

ఊరి దగ్గరి సీట్లు, దూరపు సీట్లు

సీయూఈటీ పేపర్లు ఎంచుకోవడమంటే ఊరి దగ్గరి మంచి సీట్లను వదులుకోవడం కాదు. ఎంపీసీ విద్యార్థికి కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, సిరిసిల్ల జిల్లాలో 2021లో మరొకటి వచ్చింది. రెండిటికీ ఎప్‌సెట్ ర్యాంకే ఆధారం. అందులో సగం మార్కులు గణితానివే. గణితం బలహీనంగా ఉండి ఫిజిక్స్, కెమిస్ట్రీ బాగా వచ్చే విద్యార్థి ఇంజినీరింగ్ సీటు కోసమే ఏడాది దీర్ఘకాల కోచింగ్‌కు వెళ్లే ముందు, కెమిస్ట్రీ ఆనర్స్ లాంటి దారి తనకుందో లేదో చూసుకోవాలి. శుద్ధ విజ్ఞానం ఇష్టపడే వాళ్లకు భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల, అంటే ఐసర్‌ల, సొంత పరీక్ష ఐఏటీ ఉంది. తిరుపతిలో 2015 నుంచి ఒక ఐసర్ నడుస్తోంది. కాకపోతే ఐఏటీలో ఎంపిక లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బయాలజీ ఒక్కోదాంట్లో 15 చొప్పున 60 ప్రశ్నలు. ఎంపీసీ వాళ్లకు బయాలజీ, బైపీసీ వాళ్లకు గణితం కొత్తవే అయినా రాయాల్సిందే. ఆ 15 ప్రశ్నల్లో నాలుగైదు సాధించగలిగేంత ప్రాథమిక సాధన ఉంటేనే దాని జోలికి పోవడం మంచిది.

బైపీసీ విద్యార్థికి ఈ ప్రాంతంలో అదృష్టం ఎక్కువ. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, సిరిసిల్లలో బాబూ జగ్జీవన్ రామ్ వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. రాష్ట్ర కోటా సీట్లకు ఎప్‌సెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం రాయాలి. చాలామందికి తెలియనిది, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో అఖిల భారత కోటా సీట్లకు 2023 నుంచి భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, సీయూఈటీ స్కోరునే తీసుకుంటోంది. బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు రాసిన బైపీసీ విద్యార్థికి అదే స్కోరుతో దేశంలోని ఇతర వ్యవసాయ కళాశాలలు, సైన్స్ ఆనర్స్ కోర్సులు రెండూ తెరుచుకుంటాయి. నీట్‌లో ఎంబీబీఎస్ ర్యాంకు రాక రెండోసారి, మూడోసారి కోచింగ్‌కు కూర్చునే పిల్లలు ఎందరో ఉన్న చోట ఈ మూడు పేపర్లు తప్పక రాయించాలి. పశువైద్యంలో అఖిల భారత కోటా మాత్రం నీట్ ద్వారానే.

సిరిసిల్ల లాంటి మగ్గాల ఊళ్లో బట్టల రంగంలోకే వెళ్లాలనుకునే పిల్లలూ ఉంటారు. హైదరాబాద్ నిఫ్ట్‌తో సహా నిఫ్ట్ సంస్థల పరీక్ష వేరు. డిజైన్ డిగ్రీకి సృజనాత్మక పరీక్షకు 50 శాతం, జనరల్ పరీక్షకు 30 శాతం, సిట్యుయేషన్ టెస్ట్‌కు 20 శాతం బరువు. దుస్తుల తయారీ సాంకేతికతలో బీఎఫ్‌టెక్‌కు జనరల్ పరీక్ష ఒక్కటే, కానీ ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి. సాంచాల శబ్దం మధ్య పెరిగి యంత్రం ఎలా నడుస్తుందో తెలిసిన ఎంపీసీ పిల్లలకు బీఎఫ్‌టెక్ బాగా నప్పే దారి.

దరఖాస్తు దగ్గర

2025లో సీయూఈటీ దరఖాస్తు మార్చిలో, సరిగ్గా ఇంటర్ పరీక్షలు నడుస్తున్నప్పుడే తీసుకున్నారు. పరీక్షల హడావుడిలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, అక్కడ కూర్చున్న అబ్బాయి అడిగిన దానికి తోచిన సబ్జెక్టులు చెప్పి రావడం చాలాచోట్ల జరుగుతుంది. పేపర్ల జాబితా డిసెంబరు నాటికే తేలి ఉండాలి. ఫారం నింపేటప్పుడు సబ్జెక్టు పేరు, మాధ్యమం, కేటగిరీ, ఇంటర్ హాల్ టికెట్ నంబరు విద్యార్థే తన కళ్లతో చూసుకోవాలి, ధ్రువీకరణ పేజీ ప్రింటు తీసుకోవాలి. దరఖాస్తు గడువు ముగిశాక దిద్దుకోవడానికి రెండు మూడు రోజులు మాత్రమే అవకాశమిస్తారు. ఆ తర్వాత సబ్జెక్టు మార్చడానికి వీల్లేదు.

పరీక్ష అయిపోయాక కూడా పని మిగిలి ఉంటుంది. సీయూఈటీ స్కోరు దానంతట అదే ఏ విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి, పుదుచ్చేరికి, కలబురగికి వాటి వాటి వెబ్‌సైటులో విడిగా నమోదు చేసుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం సీఎస్ఏఎస్ అనే సొంత పోర్టల్ నడుపుతుంది. అందులో ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులను సీయూఈటీలో రాసిన పేపర్లకు జతపరచాలి. సివిక్స్‌ను పొలిటికల్ సైన్స్‌తో, బోటనీ, జువాలజీలను బయాలజీతో, కామర్స్‌ను బులెటిన్ చెప్పిన పేపరుతో జతచేసేది ఇక్కడే. ఈ నమోదుకు గడువు, ఫీజు వేరు. ఫలితాలు 2025లో జూలై మొదటి వారంలో వచ్చాయి. ఆ సరికి దోస్త్ విడతలు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ కూడా నడుస్తుంటాయి కాబట్టి టీసీ, ఒరిజినల్ మెమోలు ఏ కాలేజీలో ఇచ్చేస్తున్నారో, తిరిగి తెచ్చుకోవడానికి ఏం కట్టాలో ముందే అడిగి తెలుసుకుని చేరాలి.